కార్పెట్ ఇచ్చిన లాయరు

శనివారం పొద్దున. ఇంగ్లండులో సెయింట్ హెలెన్స్ ఊరి చివర కొత్తగా లేచిన కాలనీ. ఒక ఇంటి వంటగదిలో లినెట్, ఆమె భర్త కీత్.

“ఏ పేరు చెప్పావ్?”

“ఏ పేరేంటి?”

“తప్పించుకోకు కీత్. మన ఇల్లు కొంటున్న ఆ పిల్ల, జోడీ, ఇంటి కాగితాలు చూడ్డానికి లాయరెవరైనా ఉన్నారా అని అడిగితే నువ్వు ఎవరి పేరు చెప్పావ్?”

“నీ టీలో పాలు పొయ్యనా?”

“కీత్!”

“స్టాండెన్ పేరు.”

“ఎవరి పేరు?”

“విన్నావుగా.”

“విన్నాను. ఇంకోసారి చెప్పు. ఆ పేరు పలకడానికి నీకు నోరెలా వస్తుందో చూస్తాను.”

“నైజెల్ స్టాండెన్. మన లాయరు. అడిగింది, చెప్పాను. అంతే.”

“మన లాయరా! వాడు మన లాయరెప్పుడయ్యాడు? బిల్డర్ లాయరు వాడు. బిల్డర్ పెంచుకున్న కుక్క. మనం డబ్బిచ్చి మేపాం.”

“పొద్దున్నే మొదలెట్టకు లిన్. రాత్రి రెండు రైళ్ళు మారి వచ్చాను. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాను, ఆ రెండు రోజులూ ఇదేనా?”

“ఇదే. ఇందాక ఏజెంటు ఫోన్ చేసింది. ‘భలే కుదిరిందండీ, మీరు కొన్నప్పుడు చూసిన లాయరే ఇప్పుడు జోడీకి కూడా!’ అని కిలకిలా నవ్వుతోంది. ఫోను కింద పడేశాను.”

“తెర పగిలిందా?”

“పగిలింది నీ మొహం. ఎందుకు చెప్పావు వాడి పేరు?”

“నాకు తెలిసిన లాయరు వాడొక్కడే.”

“అబద్ధం. థ్రెల్‌ఫాల్ పేరు తెలియదూ? పోయినసారి బేరం చెడగొట్టిన ముసలావిడని నువ్వే తిట్టావు, ఇదే కుర్చీలో కూచుని.”

“ఆవిడ బేరం చెడగొట్టింది కాబట్టే గుర్తుంది.”

“ఆవిడ చెడగొట్టలేదు. చదివింది. కాగితాలు చదివింది, అంతే! లాయరు చెయ్యాల్సిన పని చేసింది. ఆవిడ నాకు ఫోన్ చేసి ఏమందో తెలుసా? ‘అమ్మా, మీరు కొన్నప్పుడు మీ లాయరు నిద్రపోతున్నాడా?’ అంది. సిగ్గుతో చచ్చాను. ఏం చెప్పను? మాకు ఊరికే కార్పెట్ ఇస్తామన్నారు, అందుకని ఆ లాయర్ని పెట్టుకున్నాం అని చెప్పనా?”

“కార్పెట్ సంగతి వదిలెయ్.”

“ఎలా వదిలెయ్యను? రోజూ దాన్నే తొక్కుతున్నాగా. మా లాయర్నే పెట్టుకోండి, ఇల్లంతా కార్పెట్ ఊరికే వేయిస్తాం అన్నాడు బిల్డర్. మనం మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. గుర్తుందా? నమూనా ఇంట్లో రొట్టెలు కాల్చిన వాసన పెట్టారు. పొయ్యి మాత్రం చల్లగా ఉంది. ఆ వాసన ఎక్కడ్నించి వచ్చిందో ఈరోజుకీ తెలీదు. అప్పుడైనా అర్థం కావాల్సింది.”

“నీకు గచ్చకాయ రంగు కావాలన్నావు. అది నీ ఎంపికే.”

“నేను ఎంచుకున్నది కార్పెట్ రంగు. లాయర్ని ఎవరెంచారు? కార్పెట్ ఎంచింది. ఆ స్టాండెన్ మొహం నేనెప్పుడూ చూళ్ళేదు. ఫోన్ చేస్తే పాట. పాటయ్యాక ఇంకో పాట. చివరికి ఎవరో పిల్ల ఎత్తి నన్ను ‘మిస్టర్ లినెట్’ అంది. సంతకాలు పెట్టమన్నచోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి పంపారు. పెట్టాం. ఏనాడైనా ఒక్క ముక్క చెప్పాడా? అమ్మా, ఇల్లు మీదే గానీ కింద నేల మీది కాదు అన్నాడా? ఆ నేలకి ఏటా అద్దె కట్టాలి, పదేళ్ళకోసారి అది రెట్టింపవుతుంది అన్నాడా?”

“అనలేదు.”

“ఆ నేలని బిల్డర్ ఎవడో లండన్ కంపెనీకి అమ్ముకుంటాడు, రేపు మీరు వెనకవైపు తలుపు మార్చుకోవాలన్నా వాళ్ళకి ఫీజు కట్టి అనుమతి అడగాలి అన్నాడా?”

“అనలేదు లిన్. అనలేదు. ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“ఇప్పుడదే గుంటలోకి ఇంకో పిల్లని తొయ్యొద్దంటున్నాను! కడుపుతో ఉంది కీత్. ఆరో నెల. బస్సు నడుపుకుని బతుకుతోంది. చిన్న కొడుకున్నాడు. నీకు ఒళ్ళు ఎలా జలదరించదు?”

“అరవకు. పక్కింటి ఐరిస్‌కి వినబడుతుంది.”

“విననీ. ఆవిడకీ కార్పెట్ ఇచ్చారు.”

“చూడు లిన్. ఒకటి చెప్పు. ఇల్లు అమ్మకానికి పెట్టి ఎంతకాలమైంది? మొదట వచ్చిన జంట, ఆ కవలపిల్లల వాళ్ళు, వాళ్ళ లాయరు కాగితాలు చూసిన సాయంత్రమే మొహం చాటేశారు. రెండోసారి ఆ రిటైరయిన మేష్టారు వచ్చాడు. తోటలో గులాబీలెక్కడ నాటాలో కూడా చూసుకున్నాడు. ఆయన లాయరు థ్రెల్‌ఫాల్. అయిపోయింది. ఇక్కడ ఫ్యాక్టరీ మూసేశారు. నాకు పని దొరికింది బారోలో, ఓడలు కట్టే యార్డులో. అక్కడ చేపల దుకాణం మీద గదిలో పడుకుంటున్నాను. నా చొక్కాలన్నీ వేపుడు నూనె కంపు. నువ్విక్కడ, నేనక్కడ. ఇంకెన్నాళ్ళు?”

“అందుకని?”

“అందుకని ఏం లేదు. అడిగింది, చెప్పాను.”

“ఆ మాటే పట్టుకుని వేలాడతావేం? అడిగింది చెప్పాను, అడిగింది చెప్పాను. చదవని లాయరు దొరికితేనే ఈ ఇల్లు అమ్ముడుపోతుందని నీకు తెలుసు. తెలిసే చెప్పావు.”

“అది తెలివితక్కువ పిల్లేం కాదు. తన సంగతి తను చూసుకుంటుంది.”

“మనం తెలివితక్కువవాళ్ళమా మరి? నువ్వు ఇంజనీరువి! ఛీ. నీతో ఇన్నేళ్ళు ఒకే పక్క మీద పడుకున్నాను. ఆ స్టాండెన్‌ని చూస్తే రాని రోత ఇవాళ నిన్ను చూస్తే వస్తోంది.”

“రానీ.”

“ఏంటీ?”

“రోత వస్తే రానీ అంటున్నాను. ఇల్లు అమ్ముడుపోతే నువ్వు బారో వస్తావు. అక్కడ పక్కన కూచుని రోజూ తిట్టు. వింటాను.”

“ఇంతకి దిగజారతావని కలలో కూడా అనుకోలేదు.”

“బెల్లు మోగుతోంది.”

“ఎవరది?”

“జోడీ. కిటికీలు కొలుచుకుంటానంది. పదింటికి రమ్మన్నాను.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే ఇలా ఉంటావని. లిన్, నా మాట విను. ఆ పిల్లతో లాయరు ఊసెత్తకు. దండం పెడతాను.”

“తలుపు తియ్యి. తీసి, గరాజులోకి పోయి నిచ్చెన వెతుకు. మెల్లగా వెతుకు.”

*

“రా తల్లీ, రా. గొడుగు అక్కడ పెట్టు. తడిసిపోయావే.”

“ఫర్వాలేదు లినెట్ గారూ. బూట్లు విప్పనా? కార్పెట్ పాడవుతుంది.”

“పాడవనీ. బాగా రుద్ది మరీ నడువు.”

“అయ్యో, అదేంటి! ఎంత మెత్తగా ఉందో. కీత్ గారేరీ?”

“గరాజులో ఉన్నాడు, నిచ్చెన తెస్తాడు. కూచో. టీ తాగుతావా?”

“చక్కెర రెండు చెంచాలు వెయ్యండి. పొద్దున్నుంచీ కుర్రాడు ఒకటే గోల, కొత్తింట్లో నా గది ఏదీ, నా గది ఏదీ అని. వాణ్ణి అమ్మ దగ్గర వదిలి వచ్చాను.”

“జోడీ, లాయరు కుదిరాడటగా.”

“ఆఁ, కుదిరాడండీ. స్టాండెన్ గారు.”

“మార్చెయ్.”

“ఏమన్నారు?”

“ఏం లేదు. మార్చుకుంటే బావుంటుందేమో అని. ఆయన ఫోనెత్తడు తల్లీ. ఎత్తితే ఒట్టు.”

“నాకు మాత్రం ఫోన్లో మాట్లాడే తీరికెక్కడుందండీ? విగన్ రూటులో బస్సు నడుపుతూ లాయరుతో ఏం మాట్లాడను!”

“అది కాదు. మనిషి మొహం చూపించడు. ఎక్కడో ఆఫీసు. ఎవరో పిల్లలు పని చేస్తారు. నీ కేసు ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే తెలీదు.”

“త్వరగా అయిపోతుందన్నారుగా.”

“ఎవరన్నారు?”

“అందరూ అంటున్నారు. చాలా త్వరగా చేస్తాడట.”

“త్వరగా చేస్తాడు, అదే చెప్తున్నా! ఇలా చూడు. బజారులో, చర్చి ఎదురుగా మెట్లెక్కి పైకెళ్తే మిస్ థ్రెల్‌ఫాల్ అని ఒకావిడ ఉంది. ముసలావిడ. గది నిండా కాగితాలు, కూచోవడానికి కుర్చీ ఉండదు, దాని మీద పిల్లి ఉంటుంది. ఆవిడ దగ్గరికి వెళ్ళు.”

“ఆవిడ ఆలస్యం చేస్తుందట కదండీ.”

“చేస్తుంది. ఎందుకంటే ప్రతి కాగితం చదువుతుంది.”

“అదేనండీ. అన్నీ చదువుతూ కూచుంటే ఆలస్యమేగా.”

“జోడీ! ఇల్లు కొంటున్నావు నువ్వు. చేపలూ చిప్సూ కాదు. చదివేవాళ్ళు వద్దా నీకు?”

“టీ భలే ఉందండీ. ఏ టీ ఇది?”

“మాట మార్చకు తల్లీ.”

“మార్చట్లేదు. ఆ పైగదిలో కిటికీ వెడల్పెంతుంటుందంటారు? ఉయ్యాల అక్కడే పెడదామనుకుంటున్నాను.”

“నా వల్ల కాదు. నా వల్ల కాదు బాబూ. తలుపు వెయ్యి. ఆ తలుపు వేసి ఇలా కూచో.”

“ఏమైందండీ?”

“విను. ఈ ఇంటి కింద నేల మాది కాదు. నీదీ కాదు. ఎవడో లండన్‌లో కంపెనీ వాడిది. ఏటా అద్దె కట్టాలి. అది పదేళ్ళకోసారి రెట్టింపు, మళ్ళీ రెట్టింపు, మళ్ళీ రెట్టింపు. గోడకి మేకు కొట్టాలన్నా వాళ్ళని అడగాలనిపించేలా చేస్తారు. నేల కొనుక్కుంటాం, ధర చెప్పండి అంటే, వాళ్ళు చెప్పిన ధర విని కీత్ మూడు రోజులు మాట్లాడలేదు. అందుకే ఇది ఎవరూ కొనట్లేదు. ఇద్దరొచ్చారు, ఇద్దరూ పారిపోయారు. స్టాండెన్ ఇది మాకు చెప్పలేదు. నీకూ చెప్పడు. వాడు చదవడు! చదవడని తెలిసే మా ఆయన నీకు వాడి పేరు చెప్పాడు. అయిపోయింది. చెప్పేశాను. ఇంక ఆ కప్పు అక్కడ పెట్టి ఇంటికి వెళ్ళిపో తల్లీ. మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళు. అలా కప్పులోకి చూస్తావేం? ఏడుపొస్తే ఏడువు. ఫర్వాలేదు. నేనూ ఏడ్చాను, తెలిసినరోజు. స్నానాలగదిలో కుళాయి తిప్పి మరీ ఏడ్చాను, పక్కింటికి వినబడకుండా.”

“ఏడుపు రావట్లేదండీ. నడుం లాగుతోంది, అంతే. ఆ దిండు ఇటివ్వండి.”

“ఇదిగో.”

“మీరెందుకు చెప్పారు లినెట్ గారూ?”

“ఎందుకంటే? మాకెవరూ చెప్పలేదు కాబట్టి.”

“చెప్పకుండా ఉండాల్సింది.”

“అదేంటి?”

“నాకు తెలుసండీ.”

“ఏం తెలుసు?”

“నేల సంగతి. అద్దె సంగతి. రెట్టింపవడం. అంతా తెలుసు.”

“ఎలా తెలుసు?”

“మొదట థ్రెల్‌ఫాల్ గారి దగ్గరికే వెళ్ళాను. ఆ పిల్లిని దించి కుర్చీ ఇచ్చారు. ఇల్లెక్కడా అన్నారు. చెప్పాను. ఈ కాలనీ పేరు వినగానే కళ్ళద్దాలు తీసేశారు. అప్పుడే అంతా చెప్పారు, పైసా తీసుకోకుండా. వద్దమ్మా, వద్దు అన్నారు.”

“మరి? వద్దంటే వదిలెయ్యాలిగా!”

“అద్దె ఇంట్లో ఉన్నారా మీరెప్పుడైనా?”

“పెళ్ళయిన కొత్తలో.”

“నాలుగేళ్ళలో మూడు ఇళ్ళు మారానండీ. మొదటి ఇంటివాడు కూతురికి కావాలన్నాడు. రెండోవాడు గోడల నిండా బూజు పెట్టుకుని, బాగుచెయ్యమని అడిగినందుకు పొమ్మన్నాడు. ఇప్పుడున్నవాడు ఇల్లు అమ్ముకుంటున్నాడు. రెండు నెలల్లో ఖాళీ చెయ్యమన్నాడు. కడుపు చూపించాను. ‘కంగ్రాట్స్’ అన్నాడు.”

“దరిద్రుడు.”

“మావాడు బడి మారినప్పుడల్లా కొత్తలో మంచం తడుపుతాడు. బ్యాంకు ఇస్తానన్న అప్పుకి ఈ చుట్టుపక్కల వచ్చే ఇల్లు ఇదొక్కటే. మీరు ధర అంత తగ్గించారు కాబట్టి. ఎందుకు తగ్గించారో తెలుసుకోలేనంత అమాయకురాలినా నేను?”

“తగ్గించినా సరే, ఇది ఇల్లు కాదు, ఉచ్చు. ఇందులో ఇరుక్కుపోతావు. మాలాగే. అమ్ముకోలేవు, కదల్లేవు.”

“మీరు ఇరుక్కుపోయాం, ఇరుక్కుపోయాం అంటారు. నన్నింతవరకూ ఎవరూ ఒక్కచోట ఇరుక్కోనివ్వలేదండీ.”

“...అలా అనకు.”

“అద్దె రెట్టింపయ్యేసరికి నా కొడుక్కి మీసాలొస్తాయి. అప్పటికేదో చేస్తాను. ఓవర్‌టైం చేస్తాను. ఈ అద్దెల మీద ప్రభుత్వం చట్టమేదో తెస్తుందంటున్నారు, తేనీ, తేకపోనీ. కానీ రెండు నెలల నోటీసిచ్చి ఎవడూ నన్ను పొమ్మనడు కదా.”

“సరే. నీ ఇష్టం, కొనుక్కో. కానీ అన్నీ తెలిసి, ఆ మంచావిడని కాదని, ఈ దరిద్రుడి దగ్గరికి పోవడమేంటి? థ్రెల్‌ఫాల్ చేత చేయించుకోవచ్చుగా?”

“నేనూ అదే అడిగాను. ‘నాకు తెలిసే కొంటున్నాను, మీరు చేసిపెట్టండి’ అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అప్పిచ్చే బ్యాంకు తరఫున కూడా కొనేవాళ్ళ లాయరే కాగితాలు చూడాలటగా? ‘నేను చదివితే బ్యాంకుకి చెప్పాలి. చెబితే ఇలా అద్దె పెరిగే ఇంటికి వాళ్ళు అప్పివ్వరు. చదివి చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు’ అన్నారు.”

“అంటే...”

“అంటే నాకు నిజాయితీ గల లాయరు పనికిరాడండీ.”

“ఛీ ఛీ. ఇదేం లోకం! వినడానికే వెగటుగా ఉంది.”

“నాకూ ఉంది. బయటికొచ్చి ఆవిడ మెట్ల మీద కూచుని కక్కుకున్నాను. వేవిళ్ళనుకున్నారు దారినపోయేవాళ్ళు.”

“ఆ బాధలో ఉన్నదాన్ని పట్టుకుని మా ఆయన స్టాండెన్ పేరు అంటగట్టాడన్నమాట. అవకాశం చూసి. వాణ్ణి ఇవాళ ఇంట్లోంచి... ఇదిగో వచ్చాడు. రా కీత్, రా. నిచ్చెన దొరికిందా? సిగ్గు కూడా దొరికిందేమో చూశావా అక్కడ?”

“లిన్, చెప్పేశావా?”

“చెప్పాను. నాకంటే ముందు థ్రెల్‌ఫాల్ చెప్పిందట. కష్టంలో ఉన్న పిల్లకి ఆ చెత్త లాయర్ని...”

“లినెట్ గారూ, ఆయన్నేం అనకండి.”

“నువ్వూరుకో జోడీ. నీకు తెలీదు వీడి సంగతి.”

“మీకు తెలీదండీ. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటిరోజే, మీరు పైన ఉన్నప్పుడు, కీత్ గారు నన్ను తోటలోకి తీసుకెళ్ళి అంతా చెప్పేశారు. కొనకమ్మా అన్నారు. థ్రెల్‌ఫాల్ గారి దగ్గరికి వెళ్ళమన్నది కూడా ఆయనే.”

“...కీత్?”

“టీ చల్లారిపోయింది. ఇంకోటి పెడతాను.”

“కదిలావంటే చంపేస్తాను. నిజమేనా?”

“నిజమే.”

“మరి ఆ స్టాండెన్ పేరు?”

“అది నేనే అడిగానండీ. వారం తర్వాత మళ్ళీ వచ్చాను. కీత్ గారూ, కాగితాలు చదవకుండా సంతకం పెట్టించే లాయరెవరైనా ఉంటే చెప్పండి అన్నాను. చాలాసేపు చెప్పలేదు. బతిమాలుకున్నాను.”

“అడిగింది, చెప్పాను లిన్.”

“నాతో అనొచ్చుగా! పొద్దున్నుంచీ నోటికొచ్చినట్టు తిట్టానే. నోరు మూసుకుని పడ్డావేం?”

“నీకు తెలిస్తే నీకూ అంటుకుంటుందని. మనలో ఒక్కరైనా శుభ్రంగా ఉంటే చాలనుకున్నాను.”

“శుభ్రంగానా! శుభ్రం, నా తలకాయ. నాకు ఒళ్ళంతా కడుక్కోవాలనిపిస్తోంది. నువ్వేమో మంచివాడివి కాదు, చెడ్డవాడివీ కాదు. ఇదేమో మోసపోయేది కాదు, మోసం చేసేదీ కాదు. ఆ స్టాండెన్‌గాడు ఒక్కడే హాయిగా ఏ పాటో వింటూ కూచుంటాడు. నేనిప్పుడు ఎవర్ని అసహ్యించుకోవాలి? చెప్పండి, ఎవరో ఒకరు.”

“లినెట్ గారూ, మీకో మాట. నాకు ఈ సంగతి తెలుసని ఎక్కడ బయటపడినా నాకు ఇల్లు రాదు. బ్యాంకు అడుగుతుందో, ఏజెంటు అడుగుతుందో. ఇవాళ మీరు నాతో ఏం చెప్పారని ఎవరైనా అడిగితే...”

“అంటే నన్ను అబద్ధమాడమంటున్నావు.”

“అబద్ధం వద్దు. ఏమీ చెప్పకండి, అంతే.”

“స్టాండెన్ కూడా అదే చేశాడు జోడీ. ఏమీ చెప్పలేదు, అంతే.”

“లిన్, నీకిష్టం లేకపోతే ఇప్పుడే ఏజెంటుకి ఫోన్ చేసి బేరం వద్దనేద్దాం. సోమవారం పొద్దున నేను బారో పోతాను. నిన్నేమీ అనను.”

“నువ్వు మాట్లాడకు. జోడీ, లేస్తున్నావేం?”

“వెళ్తానండీ. మిమ్మల్ని చాలా ఇబ్బందిపెట్టాను. మీరు చెప్పినదానికి థాంక్స్. నిజంగా. ఎవరూ చెప్పరు.”

“కూచో. ఆ కడుపుతో, ఆ నడుంతో ఈ వానలో ఎక్కడికి పోతావు? కూచోమంటున్నాను. ఏం చెప్పాను నేను? వాన సంగతేగా ఇందాకట్నుంచీ మాట్లాడుకుంటున్నాం.”